పరామర్శ పూర్తయింది

చావింటి నుంచి వచ్చేటప్పుడు ‘వెళ్ళొస్తాను’ అనకూడదు. చెప్పకుండా లేచి వచ్చెయ్యాలి. కానీ ఆ మాట వినిపిస్తేనే నా చేతిపట్టీ ఇవాళ్టి పనుల జాబితాలో ‘పరామర్శ’కు టిక్కు పెడుతుంది. ఒక్క పని మిగిలినా రేపు ఆఫీసు తలుపు తెరుచుకోదు.

గడప దగ్గర దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, “వెళ్ళొస్తాను” అని పట్టీతో గొణిగాను. అది పచ్చగా వెలిగి, ఇల్లంతా వినేలా “శభాష్! పరామర్శ పూర్తయింది” అంది.

మొన్ననే భర్తను పోగొట్టుకున్న పక్కింటి శేషారత్నంగారు తలెత్తి చూశారు. గబుక్కున పట్టీ మీదికి కొంగు లాక్కున్నాను.

“దాచుకోకమ్మా,” అన్నారావిడ మెల్లగా. “పొద్దుట్నించీ ఆ మాట అనకుండా వెళ్ళినవాళ్ళు ఒక్కరూ లేరు.”