లోడు పడ్డాక

...లోడు లేకుండా ఖాళీగా తిప్పి చూసి, బాగుందని సంతకం పెడతాడా! కొత్త పంపు విషయంలో తన కింద పనిచేసే రాంబాబును పొద్దున తిట్టిన తిట్లు దూలయ్య తలలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. "లోడు పడితే గదరా దాని బండారం తెలిసేది!" అని అప్పుడు గదిమాడు. పాల్వంచ కరెంటు ప్లాంటులో, బాయిలర్ దగ్గర ముప్ఫై ఏళ్లుగా అతని మాటకు ఎదురులేదు.

"మామా, వేలియ్యి."

భద్రాచలం దవాఖానాలో నర్సు అయిన మేనకోడలు కళావతి రాత్రి ఇంట్లో షుగర్ మిషన్ పట్టుకుని అతని ఎదురుగా కూర్చుంది.

"ఎందుకే? మొన్న ప్లాంటోళ్ల టెస్టుల పరగడుపున తొంభై ఎనిమిది. కాయితం చూపియ్యాల్నా?"

"దానికి ముందు వారం దినాలు జొన్న గట్క తప్ప ముట్టలేదంట గదా! అత్త చెప్పింది."

"ఏం తింటే ఏంది? పాసయిన్నా లేదా?"

"ఇప్పుడు అన్నం తిని రెండు గంటలాయె. మూడు చెంబుల నీళ్లు తాగినవ్. కూసున్నకాడనే కునికినవ్. ఇప్పుడు చూద్దాం."

"చూసి? షుగరుందంటే బాయిలర్ కాడ్నుంచి తీసి గేటుకాడ కూసోబెడతరు. నేను పోను!"

"పోకు. కొట్లాడు. నేనూ నీ దిక్కే వస్త. కానీ పరగడుపున నీ నెత్తురుకు పనేముంటది మామా? తిన్నంకనే గదా దానికి పని."

దూలయ్య కస్సుమనబోయి ఆగిపోయాడు. పొద్దున రాంబాబు కూడా తనలాగే, పంపు బాగుందని కాగితం చూపించాడు. తనే దాన్ని చింపి పారేశాడు.

"ఎంతొచ్చినా సరే, బాయిలర్ ఇడిచిపెట్టేది లేదు" అని గట్టిగా అంటూనే, వేలు చొక్కాకు తుడుచుకుని ఆమె ముందుకు చాచాడు.