వేడినీళ్ల తొట్టి

తొట్టి పూర్తయిన రోజు ఊరు ఊరంతా రామచంద్రం దొడ్లోకి వచ్చి చూసిపోయింది.

పెరటి గద్దె మీద, నడుమెత్తున, షాబాద్ బండలతో కట్టించాడు. హైదరాబాదులో ఏదో బంగళాలో చూసొచ్చిన నమూనా. అంచులకు తామర రేకులు చెక్కించాడు. ఎక్కడానికి రెండు మెట్లు. పక్కనే నీళ్లు కాగడానికి పెద్ద రాగి కాగు. చౌటుప్పల్ చుట్టుపక్కల అలాంటిది అప్పటికి, అంటే అరవై నాలుగులో, ఎవరింట్లోనూ లేదు.

"మా ఇంటామె లీలకు మోకాళ్ల నొప్పులు. వేడినీళ్లల్ల కూసుంటే జర నయమైతదని పట్నం డాక్టర్ చెప్పిండు," అన్నాడు రామచంద్రం.

వాళ్ల బాపు తవ్వించిన బావి ఇంటి వెనకే ఉంది. ఊరంతా ఆ నీళ్లే తాగుతుంది. లీలమ్మ తొట్టి పేరు చెప్పి మాత్రం రెండు కోసుల దూరంలోని వాగు నుంచి రోజూ బండి మీద పీపాలు వచ్చేవి. తలుపు వేసుకుని తొట్టి రామచంద్రమే నింపేవాడు. జీతగాళ్లను కూడా రానిచ్చేవాడు కాదు.

"పెండ్లాం మీద గింత పానమున్న మొగోన్ని సూడలే," అనుకునేవారు ఆడవాళ్లు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా లీలమ్మ తల దించుకునేది.

వాళ్లింట్లో వాకిలి ఊడ్చే గోపమ్మకు ఎనిమిదేళ్ల మనవరాలుంది, అండాలు. కాళ్లు విల్లులా వంగిపోయాయి. కట్టె లేకుండా నిలబడలేదు. ఒకరోజు పొద్దున లీలమ్మే చెప్పి పిల్లను పిలిపించింది. తొట్టిలో కూర్చోబెట్టింది.

అండాలు రెండు చేతులతో నీళ్లు కొట్టి నవ్వింది. "అవ్వా, కాళ్లు నొస్తలేవే!"

గోపమ్మ కళ్లనీళ్లతో లీలమ్మ పాదాల మీద పడింది. "నీ కడుపు సల్లగుండ తల్లీ! కన్నతల్లి గూడ గిట్ల సూసుకోదు."

లీలమ్మ తేలు కుట్టినట్టు వెనక్కి జరిగింది. "నా కాళ్లు మొక్కకు గోపమ్మా. నాకు పాపం తగుల్తది."

పిల్లకు దాహమైంది. గోపమ్మ బావిలో చేదేసి చెంబు నింపుకొచ్చింది.

"ఆగు..." లీలమ్మ చెయ్యి చాచింది.

గడప దగ్గర రామచంద్రం గొంతు సవరించుకున్నాడు. చాచిన చెయ్యి కిందికి వాలింది. అండాలు గటగటా తాగేసింది.

వాళ్లు వెళ్లిపోయాక లీలమ్మ మొగుడి ముందు నిలబడింది. "ఇగనన్న ఊరోళ్లకు చెప్దాం. ఆ పోరి మొఖం సూస్తే నాకు బువ్వ దిగుతలేదు."

"పంచాయితీ ఎలక్షన్లు కానీ. బాపు పేరు మీదనే నిలబడ్డ గద!"

"నిరుడు కోతలు కానీ అన్నరు."

రామచంద్రం తలుపు వేసి, తామిద్దరూ తాగడానికి పీపాల్లోని వాగునీళ్లను వంటింటి బిందెల్లోకి వంచుకుని, తొట్టి కోసం రోజూలాగే, తాగితే ఎముకలు వంగిపోతాయని పట్నం డాక్టరు ఏడాది కిందటే చెప్పిన ఆ బావి నీళ్లు తోడడం మొదలుపెట్టాడు.