చెంచా అంచున చేదు

అమ్మడూ,

నిన్న ఫోన్లో నువ్వన్నది తప్పు. కింది వాటాలోని దర్జీ అమ్మాయి బిడ్డ జ్వరాన్ని నిర్లక్ష్యం చేయలేదు. నిన్ను నమ్మింది.

పసిపిల్లలకు ముందుగానే మాత్ర వేస్తే మలేరియా ఆగుతుందా అని మీరు పరీక్ష పెట్టారు. సగం మందికి మందు, సగం మందికి ఉత్త పిండిబిళ్ళ. ఎవరికేది పడుతోందో మీకూ తెలియదన్నారు. తల్లులు ఊరుకుంటారా? టీకా రోజున మాత్ర నీళ్ళలో కరిగించి పిల్లలకు పట్టగానే చెంచా నాకి చూసేవారు. చేదుగా ఉంటే అసలు మందేనని సంబరం.

"డాక్టరమ్మా, మావాడిది చేదే!" అని ఈ పిల్ల మురిసిపోతే నువ్వు నవ్వి ఊరుకున్నావు. నేను పక్కనే ఉన్నాను.

పోయిన నెల వాడి ఒళ్ళు కాలిపోతుంటే ఆసుపత్రికి పదమని పోరాను.

"చేదు మందు పడ్డ ఒళ్ళు అమ్మమ్మగారూ, మలేరియా ఎందుకొస్తుంది? పళ్ళొచ్చే జ్వరమే," అంది.

మర్నాడు సాయంత్రానికి పిల్లాడు పోయాడు.

పరీక్ష ముగిసి ఎవరికేది పడిందో విప్పి చూస్తే మందు బ్రహ్మాండంగా పనిచేసిందని తేలిందట, సంతోషం. ఎవరూ పోల్చుకోకూడదని పిండిబిళ్ళలోనూ చేదు కలిపారట, మీ తెలివికి దండం. వాడికి పడింది ఆ చేదు పిండిబిళ్ళేనని కూడా నువ్వే చెప్పావు.

ఆమెకింకా తెలియదు. మందు పడినా బిడ్డ నిలవలేదంటే లోపం తన చనుబాలదేనని ఏడుస్తోంది.

నీ తెల్లకోటుకు బొత్తాలు కుట్టి, ఇస్త్రీ చేసి ఉంచింది. ఆదివారం వచ్చి తీసుకెళ్ళు. ఎవరినీ పంపకు, నువ్వే రా.