తెల్ల బంతి

"పూల్ ఆటల ఫిలిప్పీన్స్ రేయెస్‌ను మించినోడు లేడన్నా," అన్నాడు గిరీష్.

"అదే దేశం ఆటగాడు బుస్తమాంటే కొడితే, మొదటి దెబ్బకే బంతులన్నీ చెల్లాచెదురు. ఎన్ని వీడియోలు చూశాననుకున్నావు?" అన్నాడు జాన్సన్.

కొండాపూర్ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పూల్ టేబుల్‌ను ఎవరూ వాడటం లేదని, తీసేయిస్తానని సెక్రటరీ రత్నమ్మ అన్నారు. రోజూ ఆడుతున్నామంటూ అడ్డుపడింది వీళ్లిద్దరే.

"అయితే నా ముందు ఒక్క ఆట ఆడండి. టేబుల్ ఉంచేస్తాను," అన్నారామె.

గిరీష్ కర్ర అందుకున్నాడు. ఆట మొదలుపెట్టాల్సిన తెల్ల బంతి కనిపించలేదు. ఇద్దరూ టేబుల్ కిందికి వంగి వెతికారు.

ఆట చూడ్డానికి వచ్చిన జాన్సన్ భార్య సెలీనా గొంతు సవరించుకుంది.

"అది పోయిన క్రిస్మస్ నుంచి మా పాప బొమ్మల బుట్టలో ఉందండి. ఎవరైనా అడిగితే ఇద్దామని చూస్తున్నాను."