మళ్లీ లాగిన్ అవ్వండి

“మళ్లీ బయటికి తోసేసిందిరా!”

అక్క కేక విని తమ్ముడు సోఫాలోంచి లేచి వచ్చాడు. ల్యాప్‌టాప్ తెర మీద అదే మాట. ‘మీ సెషన్ ముగిసింది. మళ్లీ లాగిన్ అవ్వండి.’

పొద్దుటినుంచి ఇది అయిదోసారి. మార్కులు, ఫొటో, సంతకం అన్నీ పెట్టి చివరి పేజీకి రాగానే గెంటేస్తోంది. కథ మళ్లీ మొదటికొస్తోంది.

సాయంత్రం అయిదింటితో గడువు సరి. ఇప్పుడు మూడున్నర.

వేరే ఊళ్లో లైబ్రేరియన్ ఉద్యోగం. ఉండటానికి క్వార్టర్సు కూడా ఇస్తారు. వయసు నలభై అయిదు దాటకూడదు. అక్కకి వచ్చే నెలలో నలభై అయిదు నిండుతాయి. తమ్ముణ్ని చదివించడం కోసం ఎప్పుడో మానేసిన చదువును ఇన్నేళ్లకు మళ్లీ పట్టింది. అతని కవల పిల్లలు మధ్యాహ్నం కునుకు తీసే గంటన్నరలోనే చదివి లైబ్రరీ సైన్సు పాసైంది. అదీ రెండో ర్యాంకులో.

“కంగారు పడకక్కా. నా ఉద్యోగమే ఇది కదా!” అన్నాడు తమ్ముడు.

నిజమే. ఆఫీసులో లాగిన్ సమస్య ఏదొచ్చినా అందరూ అతని టేబుల్ దగ్గరికే పరిగెత్తుతారు. అక్కకి ఈ అకౌంట్ తెరిచిపెట్టిందీ అతనే.

కుకీలు తుడిచేశాడు. బ్రౌజర్ మార్చాడు. ల్యాప్‌టాప్‌లో టైము సరిచూశాడు. పక్కనే నిలబడి ఫోన్‌లో ఏదో వెతికాడు.

పిల్లల్లో ఒకడు “అత్తా” అంటూ ఒళ్లోకెక్కాడు. వాణ్ని ఎడమచేత్తో పొదివి పట్టుకుని, కుడిచేతి ఒక్క వేలితో టైపు చేసింది.

ఆరోసారి. ‘మీ సెషన్ ముగిసింది.’

“హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యనా?”

“వాళ్ల భాష నీకేం అర్థమవుతుందక్కా. నేను మాట్లాడతా ఉండు.”

బాల్కనీలోకి వెళ్లి పది నిమిషాలకు తిరిగొచ్చాడు.

“మనవైపు తప్పేం లేదట. సర్వర్ మీద లోడు ఎక్కువైందట. ప్రయత్నిస్తూనే ఉండమన్నారు.”

“నాదే నత్తనడకేమోరా.” అక్క నవ్వబోయింది. నవ్వు రాలేదు.

నాలుగూ యాభై రెండు. చివరి పేజీ వచ్చింది. ‘సమర్పించు’ అన్న బటన్ ఆకుపచ్చగా వెలిగింది.

“వచ్చేసిందిరా!”

“నొక్కక్కా, నొక్కు!” ఫోన్‌లోంచి తలెత్తకుండానే అరిచాడు తమ్ముడు.

నొక్కింది.

తెర తెల్లబడింది. ‘మీ సెషన్ ముగిసింది.’

ఇంకోసారి మొదలుపెట్టింది. సగంలో ఉండగానే అయిదయింది.

అక్క ఏడవలేదు. సర్టిఫికెట్లు ఒక్కొక్కటే ప్లాస్టిక్ కవర్లో సర్దింది. తమ్ముడి కళ్లలో నీళ్లు చూసి తనే వీపు నిమిరింది.

“ఊరుకోరా. నా రాత ఇంతే అయితే నువ్వు మాత్రం ఏం చేస్తావ్? సెలవు పెట్టుకుని, అన్నం కూడా తినకుండా నా పక్కనే ఉన్నావు. ఈ రోజుల్లో ఏ తమ్ముడు చేస్తాడు ఇంత?”

పిల్లలకు పాలు కాచడానికి వంటింట్లోకి వెళ్లింది.

రెండోచోట తెరిస్తే మొదటిచోట దానంతటదే మూసుకుపోయే అక్క అకౌంట్‌లోంచి తన ఫోన్‌లో చివరిసారిగా లాగౌట్ అయి, తమ్ముడు ఆఫీసులో ఉన్న భార్యకు మెసేజ్ పెట్టాడు: “ఆయాని వెతకడం ఆపెయ్, అక్క ఎక్కడికీ వెళ్లట్లేదు.”