కుక్క ఉంది జాగ్రత్త

ఇందుమూలంగా సకల జనులకూ తెలియజేయడమేమనగా, గడ్డాలు గీసి బతికే నేను ఈ రోజు రచయితనయ్యాను.

టీవీ సీరియల్లో హీరో, కత్తెర కనపడలేదని పెళ్లాం చెంప పగలగొట్టాడు. థూ, వాడి బతుకూ ఒక బతుకేనా! అసహ్యమేసి, ఆవిడ వాణ్ణి వదిలి వెళ్లిపోయినట్టు నేనే కథ రాసేశాను. అభిమానులు రాసిన కథలు దాచే సైటులో దాన్ని పెడుతుంటే, 'హెచ్చరికలు' అని ఓ గడి అడ్డొచ్చింది.

"ఇందులో ఏం రాయాలే?" అని మా ఆవిణ్ణి అడిగాను. నాతో మాట మానేసి మూడు రోజులు.

హెచ్చరికంటే నాకు తెలిసింది గేటు మీది బోర్డే. "కుక్క ఉంది జాగ్రత్త" అని కొట్టి పంపేశాను.

గంటలో ఒకడు కింద రాశాడు: "కథంతా వెతికాను గురూ, కుక్కేది?"

మా ఆవిడ ఫోను లాక్కుని తనే జవాబు కొట్టింది: "మొగుణ్ణి చూడలేదా నాయనా?"

పకపకా నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఒక్క ముక్క ఒప్పుకోవాలి. ఆ సీరియల్లో చెంపదెబ్బే లేదు, అది నేను అల్లిందే. చివరికి నా జేబులోనే దొరికిన ఆ కత్తెర నాది. ఆ చెయ్యీ నాదే.