పది అంకెలు

"ఆపండి! ఫొటో మారింది."

షాట్ మధ్యలో హేమాంగి చెయ్యెత్తింది.

మీరా రోడ్డులోని ఓ షెడ్డులో వేసిన నేర పరిశోధన ల్యాబు సెట్ అది. తెల్లకోట్ల బృందం ప్రతి శుక్రవారం టీవీలో నలభై నిమిషాల్లో హంతకుణ్ణి పట్టేస్తుంది. నిన్నటి సీను ఇవాళ కొనసాగితే, గ్లాసులో నీళ్ల మట్టం కూడా తేడా రాకుండా చూడటం హేమాంగి ఉద్యోగం.

డాక్టరు వేషం వేసే నటి వెనక గోడకు 'తప్పిపోయినవారు' అనే బోర్డు ఉంది. దాని మీద పన్నెండు ఫొటోలు. ఒక్కో ఫొటో కింద మార్కరుతో రాసిన ఇంత పొడుగు కేసు నంబరు.

"గురవ్ కాకా! నిన్న రెండో వరసలో ముసలావిడ ఉంది. ఇవాళ మీసాలాయన ఎలా వచ్చాడు?"

సెట్ సర్దే గురవ్ నిచ్చెన పక్కన ఒదిగి నిలబడ్డాడు.

"చాలామంది వరసలో ఉన్నారు తాయీ. అందరికీ ఛాన్సు రావాలి కదా."

యూనిట్ అంతా గొల్లుమంది.

"శవం నవ్వకూడదురా!" బల్ల మీద పడుకున్న నటుడి మీద అరిచాడు డైరెక్టర్ సావంత్.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. గురవ్ జేబులోంచి.

అతను ఒక్క అంగలో బయటికి పరుగెత్తాడు. నిమిషంలో తిరిగి వచ్చాడు.

"రాంగ్ నంబరు సాహెబ్."

"అందరి ఫోన్లూ గుమ్మం దగ్గర బుట్టలో ఉంటాయి. నీదేమైనా మంత్రిగారి ఫోనా?"

"అదొక్కటీ అడక్కండి సాహెబ్."

సావంత్ హేమాంగి వైపు తిరిగాడు. "ఈ నెలలో ఎన్నిసార్లు మార్చాడు ఫొటోలు?"

ఒకసారే అని ఆమె చెప్పి ఉండొచ్చు. కానీ తేడాలు రాసుకునే ఆమె పుస్తకంలో నాలుగుసార్లని ఉంది.

"నాలుగు," అంది.

"రేపట్నుంచి రావద్దు కాకా."

గురవ్ బతిమాలలేదు. ఇనుప బల్ల చల్లగా ఉంటుందని శవం మెడ కింద తను మడిచి పెట్టిన తువ్వాలును ఓసారి సర్దాడు. వెళ్తూ వెళ్తూ హేమాంగి దగ్గర ఆగాడు.

"ఆ పై మూల ఫొటో మాత్రం తీయించకు తాయీ."

ఆమె తలూపింది. నాలుగు రోజుల్లో మరిచిపోయింది.

ముసలావిడ ఫొటో దొరక్క, గురవ్ వెళ్లిన రోజు సీను మీసాలాయనతోనే కానిచ్చారు. తర్వాత కొత్తగా వచ్చినవాడు పాత ఫొటోలన్నీ పీకి, ప్రకటనల్లోని నవ్వు మొహాలు అంటించాడు. కింద నాలుగంకెల నంబర్లు. ఏదీ మారేది కాదు. హేమాంగి పుస్తకం శుభ్రంగా ఉండేది. మధ్యాహ్నం ఆ బోర్డు ఎదురుగా కూర్చుని డబ్బా విప్పి అన్నం తినే మనిషి లేక, ఆ మూల మాత్రం బోసిగా ఉండేది.

రెండు నెలల తర్వాత సాతారా నుంచి ఒకావిడ వచ్చింది. చేతిలో పేడా మిఠాయిల పెట్టె. పక్కన మీసాలాయన.

"గురవ్ భావూ ఉన్నారా? మా తమ్ముడు దిగంబర్‌ను చూపిద్దామని తీసుకొచ్చాను."

హేమాంగి ఆ మీసాలను గుర్తుపట్టింది.

"వీడికి మాట రాదు తాయీ. మూడేళ్ల కిందట జాతరలో తప్పిపోయాడు. దాదర్ స్టేషన్లో గోడకు నేను వీడి ఫొటో కాగితం అంటిస్తుంటే భావూ చూసి, నాకూ ఒకటివ్వమ్మా అన్నారు. నాసిక్ దారిలో ఓ ధాబాలో గిన్నెలు కడుగుతున్నాడట వీడు. టీవీలో మీ సీరియల్ వస్తుంటే లేచి వెళ్లి డాక్టరమ్మ వెనక తన మొహం మీద వేలు పెట్టాడట. ధాబా యజమాని ఆ కింద ఉన్న నంబరుకు ఫోన్ చేశాడు."

"కేసు నంబరుకా?"

"కేసు నంబరేంటి తాయీ? అది నా ఫోను నంబరు."

దిగంబర్ అప్పటికే బోర్డు దగ్గరికి వెళ్లాడు. ఒక్కో నవ్వు మొహం మీదా వేలు జరుపుతూ తనకోసం వెతుక్కుంటున్నాడు.

హేమాంగి పాత షూటింగ్ ఫొటోలు తెరిచింది. ఆరేళ్లవి. అన్నిట్లోనూ మొహాలు మారుతూ వచ్చాయి. పై మూల మాత్రం రెండు జడలకు ఎర్ర రిబ్బన్లు కట్టుకున్న బడిపిల్ల. ఒక్కసారీ మారలేదు. ఆమెను ఎన్నడూ ఇబ్బంది పెట్టని ఫొటో అదొక్కటే.

గురవ్ నంబరు ఆమె దగ్గర లేదు. ఆరేళ్లలో ఎప్పుడూ అడగలేదు.

ఆ పిల్ల ఫొటోను పెద్దది చేసింది. కింద పది అంకెలు. ఒక్కొక్కటే నొక్కింది.

మొదటి రింగు పూర్తి కాకముందే అవతల ఎత్తారు.

"మంజూ... నువ్వేనా తల్లీ?" అన్నాడు గురవ్ కాకా.